కూలీల ఆటోలో ఎలీషబా

ఎలీషబా మా ఊరి ఆశా వర్కరు. బీపీ పరీక్షలు పదకొండు గంటలకు పెట్టమంటారు పైవాళ్ళు. ఆ వేళకు ఊళ్ళో ఉండేది పనికి పోనక్కర్లేని వాళ్ళే. అందుకే ఆమె ఆరింటికే మిషను పట్టుకుని కూలీల ఆటో దగ్గరికి వస్తుంది. డిగ్రీ మధ్యలో మానేసి ఆ ఆటో తోలుతున్నది నేనే.

ఆ రోజు తర్లుపాడు దగ్గర మిరప కోత. కూలీలను కుదిర్చే మేస్త్రి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. నేను హారన్ కొడుతూనే ఉన్నాను. ఎలీషబా మాత్రం ఆటోలో కూర్చున్న కూలీ మాలకొండమ్మకు మూడోసారి బీపీ చూసింది.

"రెండొందల పది! దిగు పెద్దమ్మా, ఆస్పత్రికి పోవాల."

"తలకాయ నొప్పేగదమ్మా. ఎండ తగిలితే అదే పోతాది."

"ఎండ తగిలితే నువ్వే పోతావు."

అందరూ నవ్వారు. మాలకొండమ్మ నవ్వలేదు, దిగనూ లేదు. "ఒక మనిషి తగ్గితే మేస్త్రి ఊరుకుంటాడా? రేపట్నుంచి నన్ను పిలవడు," అంది.

నాకు ఒళ్ళు మండింది. రోజూ నడవండి, ఉప్పు తగ్గించండి అని గోడల మీద రాస్తారు. పొద్దంతా చేలో తిరిగే ఈమె ఆస్పత్రికి ఎప్పుడు పోవాలో ఎవరూ రాయరు.

"మనిషి లెక్కేగదా? నీ సాలు నేను కోస్తా. కోడల్ని తోడు తీసుకొని పో," అంటూ ఎలీషబా ఆమెను దించి, ఆమె చోట్లో కూర్చుంది.

మధ్యాహ్నం కోడలు ఫోన్ చేసింది. మాలకొండమ్మను రెండు రోజులు ఆస్పత్రిలో ఉండమన్నారట. ఎలీషబా మిరపసాలులోంచే మేస్త్రిని కేకేసింది.

"మేస్త్రన్నా, రేపు గూడ నేనే వస్తా. ఇంకెవుర్నీ పిలవమాక!"