రిలీవ్డ్ అంటే ఏమిటి?

1930ల చివర నన్ను కామారెడ్డి స్టేషన్‌కు సిగ్నలర్‌గా వేశారు. హోదాలో స్టేషన్ మాస్టరు కింది గుమాస్తాను. తీగ మీద వచ్చే టకటక చప్పుళ్లను చెవితో విని, అక్షరాలుగా కాగితం మీదికి దించడం నా పని. అక్షరం తప్పకూడదు. అర్థం మా బాధ్యత కాదు. అయినా ఊళ్లవాళ్లకు ఇంగ్లీషు రాదు కనుక, అదీ మేమే చెప్పేవాళ్లం.

ఎల్లారెడ్డి దగ్గరి పల్లెలో నర్సింలు అనే రైతు ఉండేవాడు. అతని భార్య సాయవ్వకు కడుపులో గడ్డ. ఆమెను హైదరాబాదు ఆసుపత్రిలో చేర్చి, బావమరిదిని తోడుంచి, నాట్ల కోసం తిరిగి వచ్చాడు. నాట్లు ముగియగానే మా స్టేషన్‌కొచ్చి తారు కోసం కూర్చున్నాడు. టెలిగ్రాంను అప్పట్లో అందరూ తారు అనేవారు.

మూడో రోజు ఉదయం వచ్చింది. ఆసుపత్రి గుమాస్తా రాసినట్టుంది: ‘సాయవ్వ రిలీవ్డ్. మంగళవారం రండి.’

రిలీవ్డ్ అనే మాట నాకు బదిలీ ఉత్తర్వుల్లోనే పరిచయం. తన చోటికి వేరొకరు రాగానే ఉద్యోగి బాధ్యత దించుకొని వెళ్లిపోవడం. ఆ తెలివితోనే, “మీ ఇంటామెకు విముక్తి అయిందట” అన్నాను.

నర్సింలు ముఖం పాలిపోయింది. “పాణం పోయిందా సాబ్?”

నేనన్నదేమిటో అప్పుడు గాని తెలియలేదు. కాదని చెప్పాలంటే, కాదని నాకూ తెలియదు.

అనుమానమున్న మాట గురించి, తారు పంపిన ఆఫీసును తిరిగి అడగవచ్చని నియమం. అడిగాను. మాట సరిగానే ఉందని జవాబొచ్చింది. అక్షరాలన్నీ సరే, అర్థం సంగతే తేలలేదు. నర్సింలు గోడకానుకొని, “పిల్లలకేం చెప్పాలె” అని రెండుసార్లు అన్నాడు. ఏడవలేదు.

మాస్టరు అనుమతితో అతణ్ణి సర్కారు దవాఖానాకు తీసుకెళ్లాను. డాక్టరు తారు చదివి, రోగుల రిజిస్టరు తెరిచారు. దవాఖానా విడిచిన ప్రతి రోగి పేరు పక్కన మూడింటిలో ఒక మాట రాయాలట: పూర్తిగా నయమైతే క్యూర్డ్, బాధ తగ్గి ఇంటికి పోగలిగితే రిలీవ్డ్, చనిపోతే డైడ్.

“అయితే ఉన్నదా?” అన్నాడు నర్సింలు.

“ఉన్నది. నొప్పి తగ్గింది. రోగం మాత్రం పూర్తిగ పోలే. మల్ల చూపియ్యాలె,” అన్నారు డాక్టరు.

చదువు రాని ఆ మనిషి రిజిస్టరులోని మాట మీద వేలు పెట్టి, “ఇదేనా?” అని అడిగి, చాలాసేపు దాన్నే చూశాడు.

బుధవారం భార్యతో రైలు దిగాడు. చిక్కి సగమైన సాయవ్వ నన్ను ఎగాదిగా చూసి, “నన్ను సంపిన తారుబాబు గీయనేనా?” అంది. “పోనీ తియ్యి, దవాఖానాల మాటలు నీకేం ఎరుక,” అంటూ ఎడ్లబండి ఎక్కింది. తరువాతి ఏళ్లలో మరో రెండుసార్లు ఆమె ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చిందని విన్నాను.

అప్పటినుంచి ఏ తారు చదివి చెప్పాలన్నా, ముందు అది ఎవరు రాసిందో చూసేవాణ్ణి. ఒకే మాటకు రైల్వేలో ఒక అర్థం, దవాఖానాలో మరొకటి. తెలియని మాటను తెలియదని ఒప్పుకోవడం కూడా సిగ్నలర్ పనిలో భాగమే.