దిబ్బ కింద దొరికిన నా బండ

ఉగాది పోగానే తన పెంటదిబ్బ ఎత్తిస్తానని మా కరణం నాకు మాటిచ్చి ఇరవై ఏళ్లయింది. పత్రిక చదివేవాళ్లు కూర్చోవడానికని రాజుపాలెంలో మా వీధి మలుపులో నేనొక బండ వేయించాను. ఆయన దిబ్బ పెరిగి పెరిగి దాన్ని మింగేసింది.

ఈ రోజు శ్రమదానానికి వచ్చిన ఆడవాళ్లు ఆ దిబ్బను తట్టలతో ఎత్తేశారు. అడుగున నా బండ చెక్కుచెదరకుండా బయటపడింది. దాన్ని కడిగి, చుట్టూ బంతినారు నాటి, మేకలు రాకుండా కంప కట్టారు. వాళ్లందరినీ కూడగట్టిన ఖాదర్‌బీ నన్ను పిలిచింది.

“మామా, ఇది నీ బండేనంట గదా! కూచోని పేపరు సదువు, మేమూ ఇంటాం.”

“కంపు ఇంకా యాడ పోయిందమ్మా?”

“పూలు పూస్తే పోతాదిలే. అంతదాకా ముక్కు మూసుకోని సదువు!”

అందరూ నవ్వారు. నేనూ కూర్చుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. బంతినారుకు ఆ దిబ్బలోని ఎరువే వేశారు. కరణం వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటే. మీ ఊరి దిబ్బల కింద ఏముందో మీరూ తవ్వి చూసి చెప్పండి. నా పక్కన కూర్చుని వినవలసిన స్నేహితులిద్దరు ఈ ఇరవై ఏళ్లలో కాలం చేశారు. వాళ్లకు ఈ చోటు దక్కకుండా చేసినవాడు కరణం నరసప్ప.