మోటాబెన్‌కు రాసిన గ్రీటింగు

ప్రమీల చేతికి చిక్కిన ముక్క ఏదీ చెత్తబుట్ట మొహం చూడదు. చీరల మడతల్లో పెట్టే అట్టలు, అంచు కత్తిరించగా మిగిలిన జరీ పట్టీలు, సంచి అడుగున దొరికిన నాలుగు మెరుపు రాళ్లు, అన్నీ మంచం కింది ట్రంకుపెట్టెలోకి చేరుతాయి. సూరత్‌లోని ఉధ్నాలో ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అంటించడం ఆమె పని. సాయంత్రానికి వేళ్ల మీద జిగురు ఎండి పొట్టు లేస్తుంది. ఇంకొకరైతే ఆ చేతులు కడుక్కుని కాసేపు నడుం వాలుస్తారు. ప్రమీల మాత్రం ట్రంకుపెట్టె లాగి గ్రీటింగు కార్డు చేయడానికి కూర్చుంటుంది.

ఆ గల్లీలో ఆమె కార్డు లేని ఇల్లు లేదు. పుట్టినరోజుకు ఒకటి, పదో తరగతి పాసైతే ఒకటి, కాలు విరిగినవాడు లేచి నడిస్తే ఒకటి. నల్లా దగ్గర తనతో జుట్టు జుట్టు పట్టుకున్నంత పనిచేసిన పక్కింటావిడకు కూడా, కోడలు కడుపుతో ఉందని తెలియగానే ఒకటి. కార్డు తెరవగానే లోపల అతికించిన చీరముక్క కుచ్చిళ్లలా విచ్చుకుంటుంది. ఈ పనితనం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

“ఊరందరికి ఇస్తవు. నాకెప్పుడన్న ఒక్కటిచ్చినవా?” అంటాడు మగ్గాల షెడ్డు నుంచి వచ్చిన భర్త పరమేశ్.

“నువ్వు రోజు కనవడుతనే ఉంటివి గద. నీకెందుకు కార్డు?” అంటుంది ప్రమీల.

ఇరవై ఒక్క ఏళ్లు కిరాయి గదుల్లో గడిపాక, నిరుడు ఆ భార్యాభర్తలు ఉధ్నాలోనే సొంతంగా ఒక గది, వంటిల్లు ఉన్న ఇల్లు కొనుక్కున్నారు. గృహప్రవేశానికి ఒక శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు ముహూర్తం కుదిరింది. కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. పరమేశ్‌కు ఉన్నది ఒకే అక్క, భూదేవి. సిరిసిల్ల దగ్గరి పల్లెలో బీడీలు చుడుతుంది. తల్లి పోయేనాటికి పరమేశ్‌కు ఐదేళ్లు. ఆ బీడీలతోనే వాడికి అన్నం పెట్టింది, బడికి పంపింది, పెళ్లి చేసింది. ఆమె పాలు పొంగించని ఇల్లు పరమేశ్‌కు ఇల్లే కాదు.

అందుకే ఆ కార్డు మీద ప్రమీల పది రోజులు కూర్చుంది. ముదురు ఎరుపు అట్ట, చుట్టూ బంగారు అంచు, మధ్యలో పాలగిన్నె, పొంగుతున్న నురుగంతా తెల్లరాళ్లు. ఇక పేరు రాయాలి. ‘వదినె’ అని రాద్దామనుకుని ఆగింది. అంత మనిషికి ఆ మాట ఆమెకు చిన్నగా అనిపించింది.

ప్రమీల పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే. మున్సిపాలిటీ వారి తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి అక్షరాలు తెలుగువే, కానీ మాటలు సగం గల్లీవి. ఆ గల్లీలో అందరూ గౌరవించే ఒక గుజరాతీ పెద్దావిడ ఉంది. అసలు పేరు ఎవరికీ తెలియదు. చిన్నా పెద్దా అందరూ ఆమెను మోటాబెన్ అంటారు. గుజరాతీలో పెద్దక్క అని అర్థం. అక్కడి కోడళ్లు భర్త అక్కను పిలిచేదీ అలాగే. ప్రమీలకు తెలిసిన గౌరవాల్లో దానికి మించింది లేదు. గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘మా మోటాబెన్ భూదేవికి. నువ్వు వచ్చి పాలు పొంగిస్తేనే మాది ఇల్లు అయితది.’

పరమేశ్ చదివి, మస్తుగుందన్నాడు. ఆ మహానుభావుడైనా ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సింది. ఇన్నేళ్లు సూరత్ నీళ్లు తాగాక ఆ మాట అతని చెవికీ మామూలైపోయింది. ఊరికి వెళ్తున్న, పరమేశ్ షెడ్డులోనే పనిచేసే సోమలింగం చేతికి కార్డు ఇచ్చి పంపారు.

వారం తిరగకుండా భూదేవి ఫోన్ చేసింది. “నా పానం మంచిగలేదు. నేను రాను. ఎవలతోనన్న పొంగిచ్చుకోండ్రి” అని పెట్టేసింది. పరమేశ్ మళ్లీ చేస్తే ఎత్తలేదు. అతను ఆ పూట అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు.

సంగతి సోమలింగం తిరిగొచ్చాక బయటపడింది. గుమ్మంలో నిలబడి చెప్పులు కూడా విడవకుండా నసిగాడు.

“అక్కకు సదువు రాదాయె. బీడీల కార్ఖాన కాడ ఇచ్చిన. సదువుమన్నది. నేనేమో ఒక్కొక్క అచ్చరం కూడవెట్టుకుంట, మోట… మోటా… అని ఆగిన. గంతే, ఆడోళ్లందరు పడి పడి నవ్విండ్రు. ‘బాయిల నీళ్లు తోడే తోలు మోట లెక్క ఉన్నవని నీ మరదలు రాసి పంపిందే’ అన్నరు.”

భూదేవి భారీ మనిషి. నలభై ఏళ్లు పీట మీద కదలకుండా బీడీలు చుట్టిన ఒళ్లు అది. వెనకట బావి నుంచి ఎడ్లు లాగిన తోలుసంచి పేరు ఆ ఊళ్లో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. పోనీ ఉర్దూలో అనుకున్నా మోటా అంటే లావే. ఎటు తిప్పినా తిట్టే. సూరత్‌లో అది దండం పెట్టే మాటని అక్కడ ఎవరికి తెలుసు!

“అయ్యో, పెద్దక్క అని రాసిన గద!” అని ప్రమీల ఏడ్చింది. ఇంకో కార్డు చేద్దామని ట్రంకుపెట్టె తీసి, మూసేసింది. రాతతో తెగింది రాతతో అతుకుతుందన్న నమ్మకం పోయింది. చప్పున లేచి మోటాబెన్ గడప ముందుకు వెళ్లి, అక్కడి నుంచి భూదేవికి వీడియో కాల్ చేసింది. మూడోసారికి భూదేవి ఎత్తింది. మొహం గంటు పెట్టుకునే ఉంది.

“వదినే, ఒక్క నిమిషం ఆగు. గీమెను సూడు.”

ఫోన్ తిప్పింది. ముగ్గులాంటి తెల్లటి జుట్టు, జారిపోతున్న గాజులు, గాలి వస్తే గోడ పట్టుకునే మనిషి. మెంతికూర ఆకులు తెంపుతోంది.

“ఎవలే గామె? పుల్ల లెక్కున్నది. తింటలేదా ఏంది?”

“గీమెనే వదినే మోటాబెన్. మా గల్లీకంత పెద్ద. పెద్దక్కను ఈడ గట్లనే అంటరు. గందుకే నీకు రాసిన.”

భూదేవి ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. “గీమెనా మోటాబెన్?” అంది. “గీమెల మోటేమున్నదే!”

తన పేరు వినబడగానే ముసలావిడ తలెత్తి, బోసినోటితో “ఆవో బెన్, ఆవో!” అని రమ్మన్నట్టు చెయ్యి ఊపింది. భూదేవి తల తిప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో ఫోన్లో తెలియలేదు. “సూస్త” అని పెట్టేసింది.

సూస్త అంటే వస్తుందా, రాదా? శుక్రవారం తొమ్మిది దాటినా తేలలేదు. రైలు ఆలస్యమని పరమేశ్ స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు. అసలు ఎక్కిందో లేదో కూడా తెలియదు, ఆమె ఫోన్ మూగపోయింది. అయ్యగారు గడియారం చూస్తూ, “అమ్మా, ఆడపడుచు రాకపోతేనేం, మీ చెల్లెలు వచ్చింది కదా, ఆమెతో కానిద్దాం” అన్నాడు.

“ఆగుండ్రి” అంది ప్రమీల.

“ముహూర్తం ఆగదమ్మా.”

“ముహూర్తం పోతే పోనీ అయ్యగారు. మా వదినె రాకుంట పొయ్యి ముట్టియ్యను.” అగ్గిపెట్టె తీసి కొంగున ముడేసుకుంది.

తొమ్మిదీ ఇరవైకి కింద ఆటో ఆగింది. భూదేవి పరమేశ్ కంటే ముందే ఆయాసపడుతూ మెట్లెక్కి, ఎవరినీ పలకరించకుండా నేరుగా వంటింట్లోకి వెళ్లి, కాళ్లు కడగలేదని గుర్తొచ్చి మళ్లీ వెనక్కి వచ్చింది. పాలు పొంగాయి. నురుగు గిన్నె అంచు దాటి పొయ్యి మీదికి దిగింది. పరమేశ్ గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా కళ్లు తుడుచుకున్నాడు.

జనం తగ్గాక భూదేవి తన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల ఆ ఎర్ర కార్డు. మూలలు నలగలేదు.

“రెండు రాళ్లు రాలినయి. అంటియ్యి” అంది.

“పారేసినవనుకున్న వదినే.”

“ఎట్ల పారేస్తనే? రాశన్ కారటు, బీడీల బుక్కు తప్ప నా పేరు మీద ఇంట్లకు ఒక్క కాయిదం రాలే. పుట్టినకాన్నుంచి నాకని ఒకలు రాసింది గిదే. గది గూడ తిట్టేనాయె అని గోసయ్యింది.”

ప్రమీల జిగురు తెచ్చింది. రాళ్లు అంటించి, పెన్ను తీసింది. ‘మోటాబెన్’ కొట్టేసి ‘వదినె’ అని రాయబోయింది. భూదేవి ఆమె చెయ్యి పట్టుకుంది.

“కొట్టెయ్యకు. గా నవ్వినోళ్ల ముంగట మల్ల సదవాలె. ఈసారి సోమలింగంతోని గాదు, నేనే సదువుత. యాడున్నదో సూపెట్టు.”

ప్రమీల చూపించింది. భూదేవి తంబాకు మరకల వేలు మొదటి అక్షరం మీద పెట్టి, కళ్లు చిన్నవి చేసుకుని, “మో…” అంది.