సగంలో ఆపేసిన దెయ్యం సినిమా

నాకు దెయ్యాల సినిమాల పిచ్చి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి దాచాను గానీ ఇప్పుడు దాచడం లేదు. చర్ల దాటాక అడవిలో ఉన్న ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెబుతాను. హాస్టల్ బాధ్యత కూడా నాదే. వారమంతా దెయ్యాలు లేవని పాఠం చెప్పి, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి భద్రాచలం పోయి, మ్యాట్నీలో దెయ్యాన్ని చూసి వచ్చే మనిషిని. కుసుమంచిలో ఉండే మా అమ్మ ఫోన్ చేసి "నలభై ఏండ్లు రావట్టె, ఇంకా ఆ పాడు సినిమాలేందే నీకు" అని తిడుతుంది. తిట్టడం అయ్యాక, కథేమిటో చెప్పమంటుంది.

ఇన్నేళ్ళు చూశాక ఎవరికైనా కొన్ని అభిప్రాయాలు ఏర్పడతాయి. నావి కాస్త గట్టివి. ఈమధ్య వస్తున్న సినిమాల్లో సగం మనల్ని భయపెట్టడం లేదు, ఉలిక్కిపడేలా చేస్తున్నాయంతే. చెవి పక్కన స్టీలు బిందె పడేస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు, దానికి టికెట్టెందుకు? పాడుబడ్డ బంగళాలోకి నలుగురు కమెడియన్లను తోలి, దెయ్యం చేత చెంపదెబ్బలు కొట్టించే రకం ఇంకా పోలేదు. దెయ్యానికి కూడా ఒక మర్యాద ఉండాలి కదా. మలయాళం వాళ్ళు నయం. ఒక తలుపు తెరవడానికి ఐదు నిమిషాలు తీసుకుంటారు. ఆ ఐదు నిమిషాలూ నేను కుర్చీ చేతులు పట్టుకునే ఉంటాను.

మనవాళ్ళు కొత్తగా ఊళ్ళ మీదా అడవుల మీదా పడ్డారు. క్షుద్రపూజలు, ముగ్గులు, నిమ్మకాయలు, గవ్వల దండలు, పుర్రెలు. తొమ్మిదేళ్ళుగా అడవిలోనే ఉంటున్నాను, ఇంతవరకు నాకు ఒక్క పుర్రె కనిపించలేదు. కనిపించేవి ఆరబోసిన ఇప్పపూలు, మిర్చి కల్లాలు, బురదలో దిగబడిన ఆటోలు. ఇంత చెప్పే నేను కూడా ఆ సినిమాలు ఒక్కటి వదలకుండా చూస్తాను. అదీ నా వరస.

అన్నిటికంటే నాకు మండేది ఫ్లాష్‌బ్యాక్. మన తెలుగు దెయ్యానికి ఇంటర్వెల్ తర్వాత అరగంట ఫ్లాష్‌బ్యాక్ తప్పదు. బతికుండగా ఎంత మంచిదో, ఎవరు ఏం చేశారో, ఎందుకు పగబట్టిందో పాటతో సహా చెబుతారు. అప్పటిదాకా వణికిన వాళ్ళం కొంగుతో కళ్ళు తుడుచుకోవాలి. జాలి కలిగిందంటే భయం పోయినట్టే, భయం పోయాక ఇంక సినిమా దేనికని నా వాదన. ఆ అరగంటా బయటికొచ్చి బఠాణీలు తింటూ నిలబడేదాన్ని. ఈ వాదనే నా కొంప ముంచింది.

పోయిన వానాకాలం సంగతి. మా పిల్లలకు నా పిచ్చి ఎలాగో తెలిసిపోయింది. "మాకు గూడ ఒక్క దెయ్యం సినిమా చూపియ్యుండ్రి మేడం" అని నెల రోజులు నా వెంటపడ్డారు. ఒక ఆదివారం మధ్యాహ్నం సరేనన్నాను. పెద్ద క్లాసు రూములో కిటికీలకు దుప్పట్లు కట్టి, స్మార్ట్ బోర్డు మీద ఒక కొత్త సినిమా పెట్టాను. అడవిలో ఒక ముసలామె. ఒక కన్ను తెల్లగా ఉంటుంది. పొయ్యి మీద పెద్ద గంజులో ఏదో కలుపుతూ ఉంటుంది. ఊళ్ళో పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతుంటారు. చిన్న క్లాసుల పిల్లలను బయటికి పంపాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. పిల్లలు ఒకరినొకరు కరుచుకుని అరుస్తుంటే, నేను వెనక నిలబడి మురిసిపోయాను. ఇంటర్వెల్ పడగానే ఆపేశాను. "ఇక్కడిదాకే బాగుంటది, మిగతాదంతా ఏడుపే" అని చెప్పి దుప్పట్లు విప్పించాను.

మా వంటావిడను పిల్లలంతా అవ్వ అంటారు, నేనూ అవ్వా అనే పిలుస్తాను. కోయ గూడెం మనిషి, అరవై దగ్గర పడుతుంది. పదిహేనేళ్ళుగా మా దగ్గర రోజుకూలీ మీద వండుతోంది. ఆమె ఎడమ కన్ను తెల్లగా ఉంటుంది, చూపు లేదు. పాత పిల్లలు ఆ కన్నును పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు. నాకైతే అసలు గుర్తే లేదు. అంత సినిమా చూస్తూ ఒక్కసారైనా తట్టలేదు.

ఆ సాయంత్రం బువ్వకు వరస కట్టినప్పుడు, ఆ జూన్‌లోనే మూడో తరగతిలో చేరిన ఒక చిన్నపిల్ల పళ్ళెం చాపింది. అవ్వ గంజులో గరిటె తిప్పి, అన్నం పెట్టడానికి తల పూర్తిగా ఆమె వైపు తిప్పింది. పిల్ల కెవ్వుమని అరిచి, పళ్ళెం వదిలేసి, గుండెల మీద థూ థూ అని ఉమ్మేసుకుని పరుగెత్తింది. పెద్ద పిల్లలు నవ్వారు. నాకు మాత్రం సినిమాలో ముసలామె కన్ను అప్పుడు తట్టింది.

మర్నాటికి చిన్న పిల్లల్లో సగం మంది అవ్వ పెడితే తినం అన్నారు. మంగళవారానికి నవ్విన పెద్ద పిల్లలు కూడా ఆమె కుడి పక్క నుంచే పోవడం మొదలుపెట్టారు. "సినిమాల ఉన్నది ఈ అవ్వే" అని ఒకరు, "చేతబడి వస్తదంట" అని ఇంకొకరు. నేను తిట్టాను, బతిమాలాను, ఇద్దరిని ఎండలో నిలబెట్టాను కూడా. పిల్లలు నా ముందు తలూపి, నా వెనక ఉపవాసం ఉన్నారు.

అవ్వ బుధవారం స్టోర్ రూముకొచ్చింది. నేను పప్పు తూకం వేయిస్తున్నాను. అందరూ పోయేదాకా ఆగి, తలుపు దగ్గరే నిలబడి మాట్లాడింది.

"మేడం, వచ్చే ఆదివారం పిల్లల అమ్మానాయనలు వస్తరు గదా. ఈ మాట వాళ్ళ చెవుల పడితే ఊళ్ళకు పోతది. ఊరికి పోయినంక ఇంక అది సినిమా మాట గాదు. మా దిక్కు ఒకామెను గిట్లనే అనుకొని ఊర్ల ఉండనియ్యలే. నాకు ఈ పని పోయినా మంచిదే. ఊళ్ళ మాత్రం బతకనియ్యాలె."

భయం గురించి నాకంతా తెలుసని తొమ్మిదేళ్ళుగా గొప్పలు పోతున్నాను. నిజంగా భయపడిన మనిషి మెల్లగా మాట్లాడుతుందని, చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఉంటుందని ఆ రోజే చూశాను. తప్పు నాదేనని చెప్పాను.

"సినిమా నువ్వు తీసినవా ఏంది?"

"తియ్యలే అవ్వా. చూపించింది నేనే గదా."

"అయితే నాకు గూడ చూపియ్యి" అంది.

వెంటనే చూపించడానికి నాకు ధైర్యం చాలలేదు. ముందు నా తెలివితేటలు వాడాను. సైన్సు క్లాసులో గోధుమపిండి, ఫెవికాల్, కుంకుమ కలిపి నా ముఖానికే పుండ్లు చేసుకుని, ఇదంతా మేకప్పని చూపించాను. పిల్లలు పడీపడీ నవ్వారు. పాఠం బాగా ఎక్కిందని సంతోషపడేలోగా వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. "మీది మేకప్ మేడం. అవ్వది నిజం కన్నే గదా" అంది.

ఇక శనివారం మధ్యాహ్నం మళ్ళీ దుప్పట్లు కట్టాను. ఈసారి ముందు వరసలో కుర్చీ వేసి అవ్వను కూర్చోబెట్టాను. పిల్లలు ఆమెకు రెండు బారల దూరం వదిలి కూర్చున్నారు. సినిమా మొదటి నుంచీ పెట్టాను. అవ్వ మొదట కొంచెం ముడుచుకుని కూర్చుంది. గంజు సీను రాగానే ముందుకు వంగింది.

"గంత గంజుల గిన్నే నీళ్ళా? అడుగంటదా?" అంది పైకే.

ఎవరో కిసుక్కున నవ్వారు. మంత్రగత్తె పొయ్యిలో కట్టె తోయగానే, "పచ్చి కట్టె అది. పొగకు ఈమె కండ్లే మండుతయి, ఇంక మందిని ఏం భయపెడతది" అంది. ఈసారి గదంతా నవ్వింది. నా ఇన్నేళ్ళ అనుభవంలో అంత మంచి రివ్యూ ఎక్కడా చదవలేదు.

ఇంటర్వెల్ పడింది. నా చెయ్యి అలవాటుగా స్టాప్ మీదికి పోయింది. తీసేశాను.

ఫ్లాష్‌బ్యాక్ మొదలైంది. ఆ ముసలామె ఒకప్పుడు ఆడవాళ్ళకు పురుళ్ళు పోసే మనిషి. ఊళ్ళో జ్వరాలొచ్చి నలుగురు పోతే, ఆమె వల్లే అన్నారు. నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు. ఆమె కూతురికి కూడా జ్వరం వచ్చింది. ఖాళీ కుండ పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. సినిమాగా చూస్తే గొప్పగా ఏమీ తీయలేదు, మ్యూజిక్ చెవులు చిల్లులు పడేలా ఉంది. అవ్వకు అవేవీ పట్టలేదు. కుర్చీ అంచుకు జరిగి, బోర్డుకేసి చెయ్యి చాపి, "ఒక్కరన్న ఇన్ని నీళ్ళు పొయ్యరాదా ఆమెకు" అంది. అని ఏడ్చింది. చూపు లేని కంట్లోంచి కూడా నీళ్ళు కారాయి. పిల్లలు బోర్డు మానేసి ఆమెనే చూస్తున్నారు.

సినిమా అయ్యాక ఎవరూ లేవలేదు. మొన్న పళ్ళెం వదిలేసి పారిపోయిన చిన్నపిల్ల కూర్చున్న చోటు నుంచే అడిగింది.

"అవ్వా, నీ కంటికి ఏమైంది?"

పదిహేనేళ్ళలో ఆమెనెవరూ ఆ మాట అడగలేదట. నేనూ అడగలేదు. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, కూర ఎలా వండాలో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నీ అంత ఉన్నప్పుడు వెదురు చీలుస్తుంటే పుల్ల పొడుచుకున్నది. అప్పుడు వాగు నిండుగ వస్తున్నది, దాటనియ్యలే. నాలుగు రోజులు మా నాయన నన్ను ఒళ్ళె పెట్టుకొని ఒడ్డునే కూసున్నడు. వాగు తగ్గినంక భద్రాచలం దవాఖానకు ఎత్తుకపోయిండు. అప్పటికే కన్ను పోయింది."

"నొచ్చిందా?"

"అవ్, నొచ్చింది. మా నాయన ఏడుస్తుంటే ఇంకింత నొచ్చింది."

చిన్నపిల్ల లేచి, రెండు బారలూ దాటి వచ్చి, కుర్చీకి ఆనుకుని నిలబడింది. ఆ తెల్లకన్నును దగ్గరగా, ఎంతసేపో చూసింది. అవ్వ కదలకుండా చూడనిచ్చింది.

ఇప్పటికీ చాలా సినిమాల్లో ఫ్లాష్‌బ్యాకులు చెత్తగానే ఉంటున్నాయి. అందులో నా మాట మారలేదు. బఠాణీలకు మాత్రం లేవడం లేదు. వరద వాగు ఒడ్డున బిడ్డను ఒళ్ళో పెట్టుకుని నాలుగు రోజులు కూర్చున్న తండ్రి కంటే భయంకరమైన సీను నేనెక్కడా చూడలేదు.

సినిమా చూసిన మర్నాడు ఆదివారం తల్లిదండ్రులొచ్చారు. పొద్దుటి నుంచీ ఏ పిల్ల ఎవరి చెవిలో ఏం చెబుతోందో అని వరండాలో అటూ ఇటూ తిరిగాను. మధ్యాహ్నం బువ్వ వేళకు చిన్నపిల్ల తల్లి నా దగ్గరికొచ్చి కోయలో ఏదో అడిగింది. నా తొమ్మిదేళ్ళ కోయ అంత దూరం పోదు. పక్కనున్న తొమ్మిదో తరగతి పిల్ల తెలుగులో చెప్పింది.

"గాజులు కొనిస్త, దుకాణానికి రమ్మంటే బిడ్డ వస్తలేదంట మేడం. అందరు తినేదాక రానంటున్నదంట. ఏం పని చెప్పిన్రు అని అడుగుతున్నది."

నేనేమీ చెప్పలేదని చెప్పి, వంటశాల వైపు పోయి చూశాను. అవ్వ అన్నం పెడుతోంది. ఆమె ఎడమ పక్కన, చూపు లేని వైపు, ఆ పిల్ల గంజంత ఎత్తున నిలబడి ఉంది. ఎవరైనా అటు నుంచి పళ్ళెం చాపితే అవ్వ చెయ్యి తట్టి చెబుతోంది. కూతురి పనేమిటో అర్థమైందేమో, తల్లి నవ్వి సంచి కింద పెట్టి మెట్ల మీద కూర్చుంది.

ఒక పళ్ళెం తీసుకుని వరస చివర నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఎడమ పక్క నుంచే పళ్ళెం చాపాను. పిల్ల నన్ను చూసి అవ్వ చెయ్యి తట్టింది.

"అవ్వా, ఈ పక్క మేడం ఉన్నది. ఆమెకు గూడ పెట్టు."