తడి కాగితం

బెల్లంపల్లి బొగ్గు గనుల ఆఫీసులో నేను కొత్తగా చేరినప్పుడు, గని లోపలి దారులకు మ్యాపులు గీసే పెద్ద సారు పక్కన నాకు బల్ల వేశారు. ఆయన గీత వెంట్రుకంత సన్నగా ఉండేది. ఒక్క గీత తప్పితే, తవ్వేవాళ్లు తెలియక పాత గని గోడకు కన్నం పెట్టి, అందులో నిలిచిన నీళ్లు మనుషుల మీద పడతాయని చెప్పేవారు. ఆ ఏడాదే ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. పాడైన మ్యాపులను ఎవరూ చూడకుండా సొరుగులో దాచి, మళ్లీ మళ్లీ గీసేవారు.

ఓ ఆదివారం వాళ్లింటికి వెళితే, అరుగు మీద కూర్చుని నీటి రంగులతో మబ్బు వేస్తున్నారు. చెయ్యి వణికి నీలం రంగు చెట్ల మీదికి పారింది. నేను గబుక్కున బ్లాటింగ్ పేపర్ అందించాను.

"ఉండనియ్యి తమ్మీ," అన్నారు. "ఆపవోతె మరకైతది. జర ఎండనియ్యి, ఏమైతదో సూద్దాం."

"మొదట్ల కుంచె గోడకు ఇసిరికొట్టిండు," అంది ఆయన భార్య నవ్వుతూ. "నెల దినాలాయె, గిప్పుడు గిట్ల నిమ్మలంగ కూసుంటుండు."

కాగితం ఆరింది. చెట్ల మీద ఎక్కడో దూరాన వాన దిగుతున్నట్టుంది. ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లారు. "సార్, నా చెయ్యి ఇగ గీతకు అక్కరకు రాదు. గీతలు గీ తమ్ముడు గీస్తడు. మ్యాపుల మీద రంగులు నేనేస్త," అని తనే చెప్పారు.

తిరిగొచ్చాక తన కలాన్ని శుభ్రంగా తుడిచి నా బల్ల మీద పెట్టారు. రంగులు కలుపుకోవడానికి గిన్నె తీసుకుని నీళ్లకు వెళ్లారు.