మహబూబ్ చాచా పేల్చని తూటా

వనపర్తి బస్టాండులో ఉడకబెట్టిన వేరుశనగ కాయల ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, ఇప్పటికీ పొట్లం కొంటాను. తినను. ఒళ్లో పోసుకుని ఒంటిగింజ కాయలు ఒక పక్కకు, పొడుగాటి మూడుగింజల కాయలు ఇంకో పక్కకు ఏరుతాను. పక్కసీటువాళ్లు పిచ్చివాడనుకుంటారు. అనుకోనీ. ఆ కాయలతోనే నాకు తూటాల సంగతి నేర్పినవాడు మహబూబ్ చాచా.

చాచాకు లైసెన్సు రైఫిల్ ఉండేది. చేల మీద అడవి పందులు పడితే ఊళ్లవాళ్లు అనుమతి తెచ్చుకుని ఆయనను పిలిచేవాళ్లు. బిజినేపల్లి నుంచి మల్దకల్ దాకా ఆయనను జీపులో తిప్పింది నేను. పందిని కొట్టేది ఆయన, కథ కొట్టేది నేను. చేలో పడిన ఒక్క పంది, టీకొట్టు చేరేసరికి మూడయ్యేది. ఆ మూడోది తుపాకి చప్పుడుకే గుండాగి చచ్చేది. "నా తుపాకిల కంటె నీ నోట్లెనే ఎక్కువ మందున్నది రా రాములూ" అని చాచా నవ్వేవాడు.

ఒకసారి నేనే అన్నాను, "గింత బరువు మోసుడెందుకు చాచా? సిన్మాలల్ల లెక్క నడుముకు పిస్తోలు పెట్టుకో, సోకుగుంటది."

పందులు పీకి పడేసిన ఒక వేరుశనగ మొక్క నుంచి ఆయన రెండు కాయలు తెంపి జీపు బానెట్ మీద పెట్టాడు. "గీ ఒంటిగింజ బుడ్డ పిస్తోలు తూటా అనుకో. పొట్టిది, మందు తక్కువ. ఎవడన్న మీదికొస్తె దగ్గర్నుంచి పానం కాపాడుకునేటందుకు. దీంతోని పందిని కొడితె సావదు, పుండుతోని ఏ పొదలనో పడి కుములుతది. గీ మూడుగింజలది రైఫిల్‌ది. నిండ మందు. దూరం పోతది, సక్కగ పోతది."

"మరింకేంది, గిదే మంచిది."

"మంచిదే. కని శాపమసొంటిది. ఎవర్ని తిట్టినవో వాని కాడనే ఆగదు. గురి తప్పినా, పందిని దూసుకపోయినా అవుతలి ఊరి దాక పోతది. అందుకే పంది ఎనక మన్ను కానొస్తేనే కొడత. ఆకాశం కానొస్తె కొట్ట."

మల్దకల్ అవతల లింగప్పది కౌలు చేను. అందులో సగాన్ని పందులు తవ్విపోశాయి. మిగిలిన సగమే ఆ ఇంటికి ఆ ఏటి తిండి. తెల్లవారుజామున మాటు వేశాం. వెలుతురు రాగానే మంద చేను దాటి మిట్ట అంచున వరసగా నిలబడింది. గురి తప్పే దూరం కాదు. చాచా రైఫిల్ ఎత్తాడు. దించాడు.

"కొట్టు సాబూ!" లింగప్ప ఆయన మోకాళ్లు పట్టుకున్నాడు.

"ఎనక ఆకాశమున్నది లింగప్పా. అవుతల ఎవరున్నరో తెల్వదు."

"ఎవరుంటరు? నా కర్మ ఉంటది!"

ఆ అరుపుకు మంద చెదిరిపోయింది. మిట్ట ఎక్కి చూశాం. ఎండిన వాగు, రాళ్లు. కనుచూపు మేర నరమానవుడు లేడు. "సూడు సాబూ" అన్నాడు లింగప్ప. అంతే. తిట్టినా బాగుండేది.

తర్వాత లింగప్ప మమ్మల్ని పిలవలేదు. చేను చుట్టూ తొడుగు లేని బోసితీగ చుట్టి కరెంటు పెట్టాడు. కొన్నాళ్లకు ఒక పొద్దున, తీగ మీద పంది లేదు. లింగప్పే పడి ఉన్నాడు.

మేం వెళ్లేసరికి ఆయన భార్య నర్సమ్మ ఏడ్పు అయిపోయి కూర్చుంది. "ఆ పొద్దు ఒక్క దెబ్బ కొట్టుంటె, మా ఆయన ఆ తీగ తేకపోతుండె గద సాబూ?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. 

తిరుగుదారిలో నేను, "నీ తప్పేముంది చాచా? అవుతల మనుషులుంటే ఏమైతుండె?" అన్నాను.

"లేకుండిరి గద రా."

చాచా ఆ తర్వాత రైఫిల్ ఠాణాలో అప్పగించి, మళ్లీ తెచ్చుకోలేదు. ఊళ్ల నుంచి ఎవరొచ్చి బతిమాలినా మంచం దిగేవాడు కాదు. ఆ వచ్చిన వానకాలం దాటకుండానే పోయాడు. దవాఖానలో ఏ రోగమూ దొరకలేదన్నారు.

చాచా కథలన్నీ ఇప్పటికీ చెప్తాను. వాటిల్లో పందుల లెక్క ఇంకా పెరిగింది కూడా. ఈ కథ దగ్గరే నా నోరు నాకు పనికిరాదు. ఆ మిట్ట వెనక, కొడవళ్లు పట్టుకుని కూలికి పోతున్న ఇద్దరు ఆడవాళ్లను నిలబెడదామని ఎన్నిసార్లు చూశానో. ఒక్కరు నిలబడినా చాచా గెలుస్తాడు. లేని పందులను ఎన్నింటినో పుట్టించిన నాకు ఒక్క మనిషి పుట్టడం లేదు. చెప్పిన ప్రతిసారీ మిట్ట ఎక్కుతాను. ఎండిన వాగు, రాళ్లు. పక్కన లింగప్ప, "సూడు సాబూ" అంటూ.