వియన్నా దాకా ఎనిమిది గంటలు

మొన్న ఫోన్లో మీరు అడిగారు. "అవ్వా, నిన్నూ తాతనూ యూరప్‌లో రైల్లో తిప్పాలని నాన్న అంతా రాసిపెట్టాడంట కదా, మీరెందుకు రాలేదు?" అని. "అప్పుడు ఒళ్లు బాగలేదు నాన్నా" అని మాట దాటేశాను. అది అబద్ధం కాదు, కానీ నిజంలో సగం కూడా కాదు. మీరిప్పుడు అదే ప్రయాణం వేసుకుంటున్నారు, మీ అమ్మను కూడా తీసుకుపోతామంటున్నారు. అందుకని మిగతాది చెబుతాను. చదివేటప్పుడు సిగ్గుపడకండి. సిగ్గు పడాల్సినదంతా నేనే పడ్డాను.

రెండువేల మూడో, నాలుగో. మీలో పెద్దది అప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది, చిన్నోడు ఇంకా లేడు. మీ అమ్మానాన్నలు జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉండేవాళ్లు. ఏప్రిల్‌లో రమ్మన్నారు. చలి పోయి చెట్లు పూతకొచ్చే నెల, రైల్లో నాలుగు దేశాలు చూపిస్తామన్నారు. మీ నాన్న ఆ ప్రయాణమంతా టైపు చేసి పంపితే, మీ తాత బట్టల సరుకు కోసం మదనపల్లెకు పోయినప్పుడు ఇంటర్నెట్ సెంటర్లో ప్రింట్ తీయించుకొచ్చారు. ఏ ఊళ్లో ఎక్కాలి, మధ్యలో ఏయే స్టేషన్లు, ఎన్ని గంటలు, ఎక్కడ రాత్రికి ఉండాలి, అన్నీ ఉన్నాయి.

మా పుంగనూరుకు రైలే లేదు. అలాంటి ఊళ్లో మీ తాత ఆ కాగితాలను అంగట్లో గల్లాపెట్టె పక్కన పెట్టుకుని, చీర కొనడానికి వచ్చినవాళ్లకు కూడా చదివి వినిపించేవారు. ఇంటికొచ్చాక స్కూలు అట్లాసు తెరిచి ఎర్ర పెన్సిలుతో గీతలు గీసేవారు. "నీకు యాడ దిగాలనుండాదో సెప్పు, అల్లుడికి రాస్తాం" అని కాగితం నా చేతిలో పెట్టారు.

నేను ఊళ్ల పేర్లు చూడలేదు. గంటలు చూశాను. జూరిక్‌కు మూడు గంటలు. అక్కడి నుంచి మిలాన్‌కు నాలుగు. వెనిస్‌కు మూడు. వెనిస్ నుంచి వియన్నాకు ఎనిమిది. ఆ ఎనిమిది మీద వేలు పెట్టి మళ్లీ చదివాను.

మీ చిన్నమామ పుట్టింది సోమల దగ్గర మా అమ్మగారి పల్లెలో. కష్టమైన కాన్పు. పదకొండో రోజు పురుడు కడిగారు, ఆ తర్వాత నాలుగు రోజులకే నేను బిందెలు మోశాను. అప్పటి నుంచి నాకు ఒంటేలు ఆగదు. దగ్గినా, నవ్వినా, కూర్చుని లేచినా చీర తడిసిపోతుంది. మీ తాత పాత పంచెలు చింపి మడతలు పెట్టి కట్టుకునేదాన్ని. గంటకొకటి మార్చాలి, ఉతకాలి, ఎవరి కంటా పడకుండా పెరట్లో చీర కింద ఆరేయాలి. తొంభైల్లో ఎన్ని పెళ్లిళ్లు ఎగ్గొట్టానో లెక్కలేదు. పోయినా చాప మీద కూర్చునేదాన్ని కాదు, గుమ్మం దగ్గర నిలబడి అక్షింతలు వేసి వచ్చేసేదాన్ని. "అంగడి పెట్టుకున్నాక ఆయమ్మకు గర్వం వచ్చింది" అన్నారు బంధువులు. గర్వం అనుకోనీ, అదే మేలు అనుకున్నాను.

ఇంటాయనకు కూడా చెప్పలేదా అంటారేమో. చెప్పలేదు. ఒక ఇంట్లో, ఒక మంచం మీద, అన్నేళ్లు.

రైల్లో బాత్రూము ఉంటుందని నాకూ తెలుసు. కానీ అక్కడ నీళ్లుండవు, కాగితమే అని మీ అమ్మే చెప్పింది. గుడ్డలు ఎక్కడ ఉతకను, ఎక్కడ ఆరేయను? పక్కన అల్లుడు కూర్చుని ఉంటాడు. కాబట్టి నాకు కావలసింది చూడదగ్గ ఊళ్లు కాదు. తలుపు గడియ వేసుకునే గది, నీళ్లు, గుడ్డలు ఆరేయడానికి ఒక కమ్మీ. ఆ కాగితంలో మూడు నాలుగు గంటల దారి ఉన్నచోటల్లా మధ్య స్టేషను ఒకటి ఏరి పక్కన సున్నా చుట్టాను. లుగానో. వెరోనా. వెనిస్‌కూ వియన్నాకూ మధ్య విల్లాఖ్ అని ఒకటి, ఇంకొకటి కూడా. కారణాలు కల్పించాను. లుగానోలో పెద్ద చెరువుందట అన్నాను.

మీ తాత కాగితం చూసి పడీపడీ నవ్వారు.

"ఏమే, ఇది రైలా, సోమలకు పోయే పల్లెబస్సా? సెట్టుకాడొకసారి పుట్టకాడొకసారి నిలపమంటాండావు!"

"అంత దూరం పోతాండాం కదా, సూసుకుంటా పోదామని."

"కిందటేడు కాణిపాకం పోదామంటే కదలకపోతివి. ఇప్పుడు లుగానోలో సెరువు సూడాలంట ఈమెకు!"

మీ అమ్మకు నవ్వు రాలేదు. ఆదివారం ఫోన్లో గట్టిగానే మాట్లాడింది.

"ఇన్ని తావుల దిగితే పెట్టెలు మోసేదెవురమ్మా? సంకలో బిడ్డ ఉండాది. వియన్నా రైలెక్కి పండుకుంటే సాలు, దిగేస్తాం."

"మద్దెలో ఒక్క రాత్రి యాడన్నా ఉందాం లేమ్మా."

"యాల? రైల్లో అన్నీ ఉంటాయి."

"నాకు కాళ్లు నీరు పడతాయి."

"అయితే డాక్టరుకు సూపించుకో. కాళ్ల కోసం రైలాపుతారా?"

విల్లాఖ్ కొట్టేశారు, రెండోదీ కొట్టేశారు. ఎనిమిది గంటలు ఎనిమిదిగానే మిగిలాయి. టికెట్లు ఆ నెలాఖరులో తీస్తామన్నారు.

అప్పుడు నేను చేసిన పని వింటే మీకు కోపం వస్తుంది. మా వైపు ఆడవాళ్లు బస్సు ప్రయాణమంటే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. దారిలో దిగడానికి చోటుండదు కాబట్టి మా అమ్మ చేసింది, నేనూ చేశాను. నీళ్లు తాగకపోతే వియన్నా దాకా ఓర్చుకోవచ్చు అనుకుని, ముందుగా ఒకసారి పరీక్ష పెట్టుకున్నాను. కుప్పంలో మా చెల్లెలు ఉంది. పుంగనూరు నుంచి అక్కడికి మూడు గంటల దారి. చెల్లెల్ని చూసొస్తానని చెప్పి బయలుదేరాను. ముందు రోజు మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్లు ముట్టలేదు. మార్చి ఎండ.

పలమనేరు దాకా బాగానే ఉన్నాను. గెలిచాననుకున్నాను. వి.కోట దాటాక పొత్తికడుపులో మంట మొదలైంది. నాలుక అంగిలికి అంటుకుపోయింది. శాంతిపురం దగ్గర బస్సు గుంతలో పడి లేచింది. అంతే, గుడ్డ ఆగలేదు. సీటు తడిసి, కింద రేకు మీదికి సన్నగా కారింది. నేను కిటికీ వైపు మొహం తిప్పుకుని కళ్లు మూసుకున్నాను.

నా పక్కన ఒకామె కూర్చుని ఉంది, కాళ్ల దగ్గర ఖాళీ టమాటా బుట్టలు పెట్టుకుని. నాకంటే పదేళ్లు చిన్నది. కిందికి చూసింది, నన్ను చూసింది. తన నీళ్ల బాటిల్ మూత తీసి, నా ఒళ్లోనూ సీటు మీదా గుమ్మరించేసి కేక పెట్టింది.

"అయ్యయ్యో! మూత ఊడిపోయిందప్పా! ఈయమ్మ సీరంతా తడిపేస్తిని!"

కండక్టరు అక్కడి నుంచే కసిరాడు. "సూసుకోకూడదామ్మా? సీట్లో ఇంకొకరు కూసోవద్దా?"

"కూసుంటే కూసోనీ, ఎండకు సల్లగా ఉంటాది! నీకూ పోసేదా?"

బస్సంతా నవ్వింది. ఆమె నా చేతిని బుట్టల చాటున గట్టిగా పట్టుకుంది. అడుగున మిగిలిన రెండు గుక్కలు నాకిచ్చి, "తాగక్కా. ఎండిపోయి సస్తావు" అంది, నాకు మాత్రమే వినబడేలా. కుప్పంలో దిగాక వెనక్కి తిరిగి చూస్తే ఆమె అప్పుడే సంత వైపు నడిచిపోతోంది.

చెల్లెలింటికి చేరేసరికి చలిజ్వరం పట్టుకుంది. చెల్లెలు ఊరుకునే మనిషి కాదు, సంగతంతా నా చేత కక్కించింది. "పిచ్చిదానా, దీన్ని ముప్పై ఏండ్లు దాస్తావా? ఆపరేషనుండాది" అని డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. ఆ డాక్టరమ్మ చూసి చెప్పింది: గర్భసంచి జారింది, మూత్రంలో చీము ఉంది, ముందు అది తగ్గాలి, తర్వాత ఆపరేషను, ఆ తర్వాత మూడు నెలలు ఏ ప్రయాణమూ వద్దు.

టికెట్లు తీయకముందే మీ అమ్మకు చెప్పాలి. జ్వరం తగ్గాక చెల్లెలు నన్ను స్టేషను రోడ్డులో ఎస్‌టీడీ బూతుకు తీసుకుపోయింది. నా గొంతు మీకు తెలుసు కదా, పక్క గదిలో ఉన్నవాళ్లకు కూడా వినబడదు. ఆరోజు లైను గరగరమంటోంది.

"అమ్మా, వినపడలా. ఏంది?"

మెల్లగా చెప్పాను. వినబడలేదు. కొంచెం పెంచి చెప్పాను. వినబడలేదు. అద్దాల తలుపు బయట ఇద్దరు మగవాళ్లు వంతు కోసం నిలబడి ఉన్నారు. కళ్లు మూసుకుని అరిచాను.

"నాకు ఒంటేలు ఆగదమ్మా! మీ తమ్ముడు పుట్టినప్పటి నుంచీ ఆగదు! అందుకే దిగుదామంటిని!"

బయట వాళ్లిద్దరూ ఇటు తిరిగి చూశారు. అటువైపు మీ అమ్మ ఏడుస్తూ, "కాళ్లంటివి కదమ్మా... కాళ్లని యాల సెప్తివి" అంది.

మీ తాతకు ఇంటికి వచ్చాక చెప్పాను. ఆయన తిట్టలేదు. "అన్ని పెండ్లిండ్లకు నేనొక్కడినే పోతాంటే, నీకు నావాళ్లంటే గిట్టదనుకుంటిని" అన్నారు. "ఆ మాట మీ పల్లెకు పోయి మీ అమ్మతో కూడా అంటిని" అన్నారు. చెప్పులేసుకుని అంగడికి పోయారు. ఆయన మనసులో పెట్టుకున్న ఆ బాధ నా బాధకంటే తక్కువదేమీ కాదని నాకు ఆరోజే తెలిసింది. మదనపల్లెలో ఆపరేషను అయింది. చాలావరకు నయమైంది. కానీ ఆ ఏప్రిల్ పోయింది. మరుసటి ఏప్రిల్‌కు చిన్నోడు మీ అమ్మ కడుపులో ఉన్నాడు. ఆ తర్వాత మీ నాన్న ఉద్యోగం మారింది, మీ తాతకు గుండె జబ్బు వచ్చింది. పోలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన వారం వీడియో కాల్లో చిన్నోడు ఏదో జోకు వేస్తే మీ అమ్మ పగలబడి నవ్వుతూ, నవ్వు సగంలో ఉండగానే గబుక్కున లేచి లోపలికి పోయింది. మీరు గమనించి ఉండరు. ఆ లేవడం నాకు బాగా తెలుసు. నేను అడిగితే నా కూతురు నాకు చెప్పదు, నేను నేర్పిందే అది. టికెట్లు తీసేముందు మీరు అడగండి, ఎన్ని గంటలకొకసారి దిగాలమ్మా అని. "నాకేమీ లేదు, మీ ఇష్టం" అంటుంది. ఆ మాట నమ్మి టికెట్లు తీసేయకండి.